సరౌండ్ స్పీకర్లు ఎక్కడ పెట్టాలి? గోడకి ఆనించిన సోఫాతో వచ్చే అసలు చిక్కు

మా ఇంట్లో 5.1 హోమ్ థియేటర్ బిగించిన మూడో వారానికి నాన్న హాల్లో సినిమా చూడడం మానేశారు. రాత్రి అన్నం తినగానే బెడ్‌రూమ్‌లోకి వెళ్ళిపోయి, ఫోన్‌లో పాత సినిమాలు పెట్టుకునేవారు. ఎందుకు నాన్నా అని అడిగితే, "ఆ డబ్బా నా చెవిలో అరుస్తోందిరా. వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అన్నారు. వయసు కదా, చెవులు కాస్త మందగించి ఉంటాయి అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, చెవుల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా చూశాను.

ఓ ఆదివారం ఆయన ఊరెళ్ళినప్పుడు ఆయన చోట కూర్చుని సినిమా పెట్టాను. సోఫాకి కుడి చివర. పది నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను. తెర మీద హీరో, తండ్రి మాట్లాడుకుంటున్నారు. వెనకాల వాన కురుస్తోంది. నాకు వినిపిస్తున్నది ఆ వాన ఒక్కటే, అదీ కుడి చెవి పక్కన! మాటలు ఎక్కడో దూరంగా గుసగుసల్లా ఉన్నాయి. ఎడమవైపు ఇంకో స్పీకర్ ఉందన్న సంగతే తెలియట్లేదు.

స్పీకర్లు రివ్యూ చేసేటప్పుడు నేను ఎప్పుడూ సోఫా మధ్యలో కూర్చుంటాను. అక్కడ అంతా బాగానే ఉంటుంది. ఇంట్లో మిగతా వాళ్ళు ఎక్కడ కూర్చుంటారో అన్నది నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ తర్వాత రెండు వారాంతాలు టేపు, పురికొస పట్టుకుని హాలంతా తిరిగాను. కొత్తగా ఒక్క స్పీకర్ కూడా కొనలేదు. ఆ కథే ఇది.

మా హాలు, మీ హాలు

మా హాలు వెడల్పు 11 అడుగులు, పొడవు 14. ఒక వెడల్పు గోడకి టీవీ, ఎదుటి గోడకి ఆనించి ముగ్గురు కూర్చునే 7 అడుగుల సోఫా. ఎడమవైపు బాల్కనీకి స్లైడింగ్ డోర్, కుడివైపు ఖాళీ గోడ. అపార్ట్‌మెంట్లలో చాలా హాళ్ళు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఎవరింట్లో చూసినా సోఫా గోడకి ఆనించే ఉంటుంది. మనకి అది ఎంత అలవాటంటే, మరోలా ఉండొచ్చన్న ఆలోచనే రాదు.

బిగించడానికి వచ్చిన కుర్రాడు గది ఒకసారి చూసి, రెండు సరౌండ్ స్పీకర్లనీ సోఫా వెనక గోడకే, రెండు మూలలకి దగ్గరగా, 5 అడుగుల ఎత్తులో కొట్టేశాడు. రెండింటినీ సోఫా మధ్య సీటు వైపు తిప్పాడు. అంటే కుడి స్పీకర్ నుంచి వచ్చే సౌండ్ నాన్న చెవిని రాసుకుంటూ నా దగ్గరికి వస్తోందన్నమాట. "వెనక సౌండ్ తెలియాలి కదా సార్" అని రిసీవర్‌లో సరౌండ్ లెవెల్ 6 డెసిబెళ్లు పెంచి వెళ్ళాడు. దూరాల సెట్టింగ్ ముట్టుకోలేదు. పాపం, అతన్ని ఏమనాలి? ఆ రోజు అతనికి అది నాలుగో ఇల్లు. మధ్య సీట్లో కూర్చుని "అదిరింది" అన్నది నేనే.

థియేటర్‌లో లేని సమస్య ఇంట్లో ఎందుకు?

ఈసారి సినిమాకి వెళ్ళినప్పుడు లైట్లు ఆరకముందే పక్క గోడలు చూడండి. సరౌండ్ స్పీకర్లు ఒకటీ రెండూ కాదు, పక్క గోడల మీద, వెనక గోడ మీద వరుసగా, బాగా ఎత్తులో ఉంటాయి. మామూలు 5.1 సినిమా నడుస్తున్నప్పుడు ఎడమ వరుస అంతా ఒకే సౌండ్ ఇస్తుంది, కుడి వరుస అంతా ఇంకొకటి. అందుకే గోడ పక్క సీట్లో కూర్చున్నా ఒక్క స్పీకరే మన చెవిలో అరవదు. ఇంట్లో ఆ వరుస మొత్తం పని ఒక్క స్పీకర్ చేయాలి. దానికి దగ్గరగా ఎవరు కూర్చుంటే వాళ్ళు బలి.

లెక్క చూద్దాం. నాన్న చెవికి కుడి స్పీకర్ 3 అడుగుల దూరం. ఎడమ స్పీకర్ 7 అడుగుల పైనే. దూరం రెట్టింపయిన ప్రతిసారీ నేరుగా వచ్చే సౌండ్ 6 డెసిబెళ్లు తగ్గుతుంది. ఆ ప్రకారం రెండు స్పీకర్ల మధ్య ఆయనకి వినిపించే తేడా ఏడెనిమిది డెసిబెళ్లు. గోడల నుంచి తిరిగొచ్చే సౌండ్ వల్ల గదిలో ఈ తేడా కొంచెం తగ్గుతుంది కానీ, మాయమైతే కాదు.

ఇంకో సంగతి టైమ్. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే ఒక అడుగు దాటడానికి ఒక మిల్లీసెకను కంటే కొంచెం తక్కువ. కుడి స్పీకర్ సౌండ్ నాన్నకి దాదాపు 4 మిల్లీసెకన్లు ముందే చేరుతోంది. ఇది ఏపాటి తేడా అనిపిస్తుంది. కానీ ఒకే సౌండ్ రెండు చోట్ల నుంచి కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వస్తే, మన మెదడు ముందు చేరినదాన్నే పట్టుకుని "సౌండ్ అక్కడి నుంచే వస్తోంది" అని తేల్చేస్తుంది. హెల్మట్ హాస్ 1949లో దీని మీదే పరిశోధన చేశారు, అందుకే దీన్ని హాస్ ఎఫెక్ట్ అంటారు. దగ్గరి స్పీకర్ ముందూ చేరుతోంది, గట్టిగానూ ఉంది. ఇక రెండోది ఉండి ఏం లాభం?

మరి మాటల సంగతి? 5.1 లో డైలాగులు ఎక్కువగా టీవీ కింద ఉండే సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయి. అది ఆయనకి 12 అడుగుల దూరం. 12 అడుగుల దూరంలో మాట, 3 అడుగుల దూరంలో వాన, దానికి పైన కుర్రాడు పెంచిన 6 డెసిబెళ్లు. నాన్న చెవులకి ఏమీ కాలేదు.

ముందు సోఫా జరిపాను

స్పీకర్ల స్థానం గురించి ఏ గైడ్ చూసినా డిగ్రీల్లో చెప్తారు. మీరు కూర్చున్న చోటు నుంచి నేరుగా టీవీ మధ్యకి ఒక గీత ఊహించుకోండి, అది సున్నా. సరిగ్గా మీ చెవి పక్కన 90 డిగ్రీలు. సరిగ్గా వెనక 180. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 5.1 కోసం ఇచ్చిన ప్రమాణంలో సరౌండ్ స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. అంటే పక్కకే, కాకపోతే చెవి కంటే కాస్త వెనక్కి. చాలామంది వీటిని "వెనక స్పీకర్లు" అంటారు కదా, తప్పు అక్కడే మొదలవుతుంది. 5.1 లో అవి పక్క స్పీకర్లు. నిజంగా వెనక, 135 నుంచి 150 డిగ్రీల దగ్గర పెట్టేవి 7.1 లో అదనంగా వచ్చే రెండు.

సోఫా గోడకి ఆనించి ఉంటే చెవి వెనక ఒక అడుగే మిగులుతుంది. 110 డిగ్రీలకి అక్కడ చోటేదీ? అందుకే ముందు సోఫాని 2 అడుగులు ముందుకి లాగాను. ఇంట్లో పెద్ద గొడవే అయింది. "హాలు మధ్యలో సోఫా ఏంట్రా, బస్టాండులో బెంచీలా" అంది అమ్మ. ఇప్పుడు ఆ సందులో ఇస్త్రీ బల్ల మడిచి పెడుతోంది, అది వేరే విషయం.

ఈ ఒక్క పనితో మూడు లాభాలు వచ్చాయి. సరౌండ్‌కి వెనక చోటు దొరికింది. గోడ పక్కన బేస్ పోగుపడి బుస్సుమని ఊదినట్టు వినిపించేది, అది తగ్గింది. ముందు స్పీకర్లు టీవీకి అటూ ఇటూ 4 అడుగుల దూరంలో ఉన్నాయి. కూర్చునే చోటు 12 అడుగుల నుంచి 10 అడుగులకి రావడంతో వాటి కోణం 18 డిగ్రీల నుంచి 22 కి పెరిగింది. ముందు స్పీకర్లకి డాల్బీ చెప్పే కోణం 22 నుంచి 30. అంటే అది కూడా లెక్కలోకి వచ్చింది. నా మటుకు నాకు, కొత్త సబ్‌వూఫర్ కొనే ముందు ఎవరైనా చేయాల్సిన పని ఇదే. పైసా ఖర్చు లేదు.

డిగ్రీలు కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. మధ్య సీట్లో కూర్చుని చెవికి సూటిగా పక్క గోడ మీద పెన్సిల్ గీత పెట్టించండి. అది 90. మీ తల మధ్య నుంచి స్పీకర్ ముఖానికి ఎన్ని అడుగులో కొలిచి, ప్రతి అడుగుకీ నాలుగున్నర అంగుళాల చొప్పున ఆ గీత నుంచి వెనక్కి వెళ్తే సుమారుగా 110 డిగ్రీలు వస్తుంది. మా కుడి గోడ దగ్గర 5 అడుగులు, కాబట్టి 1 అడుగు 10 అంగుళాలు వెనక్కి వెళ్ళాను. అంగుళం అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు.

బాల్కనీ తలుపు ఉన్న వైపు ఏం చేయాలి?

కుడివైపు గోడ ఉంది, డ్రిల్ చేసి బ్రాకెట్ వేశాను. ఎడమవైపు మొత్తం గాజు తలుపు. మనలో చాలామంది ఇక్కడే విసుగొచ్చి రెండు స్పీకర్లనీ వెనక గోడకి కొట్టించేస్తారు. నేను ఎడమవైపు స్టాండ్ పెట్టాను. తలుపులో కదలని సగం ముందు పెడితే అమ్మ బట్టలు ఆరేయడానికి వెళ్ళే దారికి అడ్డం రాదు. కొన్న స్టాండ్ పొట్టిగా ఉంది, దగ్గర్లోని వెల్డింగ్ షాపులో పైపు ముక్క అతికించుకొచ్చాను. అడుగున బరువు ఉండాలి, లేదంటే పిల్లలు పరిగెత్తుతూ తగిలినప్పుడు పడిపోతుంది.

స్టాండ్ కర్టెన్‌కి ఇవతల ఉండాలి కాబట్టి ఎడమ స్పీకర్ మధ్య సీటుకి నాలుగున్నర అడుగుల దూరంలోనే ఉంది, కుడిది 5. ఈ చిన్న తేడాకి కంగారు పడొద్దు. రిసీవర్‌లో ఒక్కో స్పీకర్ దూరం, లెవెల్ విడివిడిగా ఇచ్చే సెట్టింగ్ ఉంటుంది. దగ్గరి స్పీకర్‌ని అది తగినంత ఆలస్యం చేసి, సౌండ్లన్నీ ఒకేసారి చేరేలా చూస్తుంది. కోణం తప్పయితే మాత్రం ఏ సెట్టింగూ సరిచేయలేదు. అందుకే నేను కోణం కాపాడి, దూరంలో రాజీ పడ్డాను.

ఇంకో మాట. ఈ సెట్టింగ్ ఒక్క సీటుకే పనిచేస్తుంది. మధ్య సీటుకి సరిచేస్తే చివరి సీట్లో తేడా అలాగే ఉంటుంది. చివర కూర్చునేవాళ్ళ కోసం చేయాల్సింది స్పీకర్ ఎత్తు దగ్గర, అది తిరిగి ఉన్న దిక్కు దగ్గర.

నాన్న సీటు కోసం చేసింది

సోఫాలో కూర్చుంటే మన చెవి నేల నుంచి మూడు అడుగుల పైన ఉంటుంది. రెండు సరౌండ్లనీ ఐదున్నర అడుగుల ఎత్తుకి తీసుకెళ్ళాను, అంటే చెవికి రెండు అడుగుల పైన. పక్కన కూర్చున్న వాళ్ళ తల అడ్డం రాదు. పైగా చివర కూర్చున్న మనిషికి స్పీకర్ ఇంకాస్త దూరం జరుగుతుంది. నాన్న చెవి నుంచి కుడి స్పీకర్‌కి దూరం 3 అడుగుల నుంచి 4 అయింది. ఎడమ, కుడి మధ్య తేడా 5 డెసిబెళ్ల దగ్గరికి దిగింది.

తర్వాత దిక్కు. కుడి స్పీకర్‌ని మధ్య సీటుకి కాకుండా సోఫా ఎడమ చివరి సీటు వైపు, నాన్న తల మీదుగా వెళ్ళేలా తిప్పాను. ఎడమ స్పీకర్‌ని కుడి చివరకి, అంటే నాన్న వైపు. స్పీకర్ ఎదురుగా ఉన్నవాళ్ళకి పదునైన శబ్దాలు బాగా చేరతాయి, పక్కకి ఉన్నవాళ్ళకి తగ్గుతాయి. దగ్గరగా ఉన్న స్పీకర్ కాస్త మెత్తబడి, దూరంగా ఉన్నది కాస్త తేటగా వినిపిస్తుంది. పూర్తిగా సరిపోదు, కానీ ఎడమవైపు కూడా ఒక స్పీకర్ ఉందని ఇప్పుడు ఆ సీట్లో తెలుస్తోంది.

చివరగా ఆ 6 డెసిబెళ్లు తీసేశాను. రిసీవర్‌తో వచ్చిన మైక్‌ని మధ్య సీట్లో చెవి ఎత్తున పెట్టి ఆటో కాలిబ్రేషన్ నడిపాను. మైక్‌ని సోఫా మీద పడుకోబెట్టకండి, స్టాండ్ లేకపోతే పుస్తకాల దొంతర మీద పెట్టండి. ఫ్యాన్, ఏసీ ఆపేయండి. మా ఇంట్లో మొదటిసారి మధ్యలో కుక్కర్ కూసింది, మళ్ళీ చేయాల్సి వచ్చింది.

కాలిబ్రేషన్ అయ్యాక సరౌండ్లు పనిచేయట్లేదేమో అనిపిస్తుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్‌లో వాటికి పెద్దగా పనుండదు, అవి నిశ్శబ్దంగా ఉండడమే సరైన పద్ధతి. వాన, జనం, అడవి, వెనక నుంచి దూసుకొచ్చే బండి, అలాంటి చోట వాటంతట అవే లేస్తాయి. ఎప్పుడూ వినిపించాలని లెవెల్ పెంచుకుంటూ పోతే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

సోఫా జరిపే వీలే లేకపోతే

చాలా ఇళ్ళలో నిజంగానే చోటుండదు. అప్పుడు కూడా వెనక గోడ వద్దు. పక్క గోడల మీద సరిగ్గా చెవి పక్కన, అంటే 90 డిగ్రీల దగ్గర, తలకి రెండు అడుగుల పైన పెట్టండి. ప్రమాణం కంటే కాస్త ముందుకే ఉన్నట్టు లెక్క, అయినా చెవి పక్క గోడ మీద అరిచే స్పీకర్ కంటే చాలా నయం. ఎల్ ఆకారం సోఫా అయితే పొడుగు వైపు మధ్య సీటుని లెక్కలోకి తీసుకుని, పొట్టి వైపు కూర్చునేవాళ్ళకి స్పీకర్ తగలకుండా ఎత్తు పెంచుకోండి. ఒకవైపు గోడే లేకుండా డైనింగ్‌లోకి తెరుచుకునే హాలైతే అటు స్టాండ్ తప్పదు.

సౌండ్‌బార్‌తో వచ్చే వైర్‌లెస్ సరౌండ్లకీ ఇదే లెక్క. అయితే ఆ వైర్‌లెస్ అన్న మాట నమ్మి మోసపోకండి. సిగ్నల్‌కి వైరు ఉండదు కానీ, మామూలుగా ఒక్కోదానికీ కరెంటు ప్లగ్ కావాలి. కొనే ముందు సోఫాకి రెండు పక్కలా ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూసుకోండి.

అట్మాస్ సెట్ అయితే ఒక మార్పు ఉంది. అందులో పైనుంచి వచ్చే సౌండ్‌కి వేరే స్పీకర్లు ఉంటాయి కాబట్టి, పక్క సరౌండ్లు ఎత్తులో పెడితే పైదీ పక్కదీ కలిసిపోతాయి. వాటిని దాదాపు చెవి ఎత్తుకే దించాలి. అప్పుడు చివరి సీటు సమస్య మళ్ళీ ముదురుతుంది. 11 అడుగుల హాల్లో ముగ్గురు కూర్చునే ఇల్లయితే నేను మామూలు 5.1 కే ఓటేస్తాను.

వైర్ల గురించి ఎక్కువ చెప్పను. ఈ దూరాలకి 16 గేజ్ రాగి వైరు చాలు. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి కలపండి. ఒకవైపు తారుమారైతే సౌండ్ ఎటు నుంచి వస్తోందో తెలియనట్టు పల్చగా అయిపోతుంది. ఇవన్నీ చేసేముందు టీవీ ఆడియో సెట్టింగ్ ఒకసారి చూడండి. ఆర్క్ కేబుల్‌తో కలిపి, అక్కడ పీసీఎం అని ఉంటే రిసీవర్‌కి వచ్చేది రెండు ఛానెళ్లే. మా స్నేహితుడొకడు ఏడాది పాటు అలాగే విన్నాడు, వెనక స్పీకర్లు బాగాలేవని తిట్టుకుంటూ.

కళ్ళు మూసుకుని వేలు చూపించండి

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఒక ఆట ఆడాం. ముగ్గురినీ వాళ్ళవాళ్ళ సీట్లలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, రిసీవర్‌లో టెస్ట్ టోన్ పెట్టాను. అది ఒక్కో స్పీకర్ నుంచీ 'స్స్' మని వస్తుంది. ఎటు నుంచి వస్తే అటు వేలు చూపించాలి. ఎడమ సరౌండ్ వచ్చినప్పుడు అమ్మ, నాన్న ఇద్దరూ ఎడమ వెనక్కే చూపించారు. కుడి సరౌండ్ దగ్గర మా అమ్మాయి నేరుగా టీవీ వైపు చూపించింది. చూస్తే కళ్ళు సగం తెరిచి కార్టూన్ ఎప్పుడు పెడతానా అని చూస్తోంది.

ఆ రాత్రి నాన్నకి అదే వాన సీన్ పెట్టాను. ఏమీ అనలేదు. సినిమా సగంలో నీళ్ళు తాగడానికి లేచి, మళ్ళీ వచ్చి తన చోటే కూర్చున్నారు. మర్నాడు మాత్రం, "ఆ పాటల్లో డప్పు ఇంకొంచెం తగ్గించరాదూ" అన్నారు. అంటే తర్వాతి పని సబ్‌వూఫర్ మీద. అది ప్రస్తుతం టీవీ పక్క మూలలో ఉంది, చోటు మార్చి చూడాలి.

ఈలోగా సోఫా కాళ్ళ దగ్గర నేల మీద చిన్న టేపు ముక్కలు అంటించాను. రోజూ ఇల్లు తుడిచేటప్పుడు సోఫా మెల్లగా గోడ వైపు వెళ్ళిపోతోంది.